ఘాఫ్ చెట్లకు అక్టోబరు జబ్బు

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. మా అత్తగారు అడిగినవాళ్ళందరికీ "మా కోడలు ఆకాశంలోంచి ఫోటోలు తీస్తుంది" అని చెబుతారు. వింటున్నవాళ్ళ ముఖాల్లో గౌరవం కనబడుతుంది గనుక నేను దిద్దను. నిజానికి ఫోటోలు తీసేది ఉపగ్రహం. నేను మస్కట్‌లోని రూవిలో ఒక పాత బిల్డింగులో, ఏసీ చలికి శాలువా కప్పుకుని, ఆ ఫోటోలు చూస్తూ కూర్చుంటాను. తవ్వి వదిలేసిన గనుల్ని మళ్ళీ మనుషులూ మేకలూ తిరిగే నేలగా మార్చడానికి పథకాలు వేయడం మా కంపెనీ పని. గుంత ఎంత లోతుంది, వాన పడితే నీళ్ళు ఎటు పోతాయి, ఏ గుట్ట జారేలా ఉంది, ఎక్కడ మొక్క బతికి ఉంది, ఇవన్నీ నేను పైనుంచే చెప్పేస్తాను. పైనుంచి చెప్పడంలో ఉన్న సుఖం ఏమిటంటే, చెమట పట్టదు.

ఇంకో విచిత్రం కూడా ఉంది. కంటికి కనబడని ఒక వెలుగులో పచ్చని ఆకు బాగా మెరుస్తుంది. ఉపగ్రహం ఆ వెలుగును పట్టుకుంటే, మేము దాన్ని తెర మీద ఎరుపు రంగులో చూసుకుంటాం. అంటే నా బొమ్మల్లో చెట్టు ఎంత ఎర్రగా ఉంటే అంత ఆరోగ్యంగా ఉన్నట్టు. ఒకసారి మా ఆయన నా వెనక నిలబడి చూసి, "ఇంత ఎర్రగా ఉందేంటి, ఏమైనా తగలబడుతోందా?" అని కంగారుపడ్డారు. అది ఖర్జూరం తోట.

సముద్రం ఒడ్డున ఖురియాత్ అనే ఊరి వెనకాల కొండల్లో మూతపడ్డ సున్నపురాయి క్వారీ ఒకటి మా కంపెనీకి వచ్చింది. ఏళ్ళ తరబడి తవ్విపోసిన పనికిరాని రాయీ మట్టీ ఒకవైపు పెద్ద గుట్టగా పడి ఉంది. దాన్ని తిరిగి గుంతలో పోయాలి. గుట్టకూ గుంతకూ మధ్య ఒక వాగు ఉంది. ఇక్కడ వాది అంటారు. ఏడాదంతా అందులో రాళ్ళు తప్ప ఏమీ ఉండవు. ఎప్పుడో ఒకరోజు నీళ్ళొచ్చి కార్లను కూడా పట్టుకుపోతాయి. ఆ వాది ఒడ్డున చిన్న చెట్ల గుంపు ఉంది. అరబ్బీలో ఘాఫ్ అంటారు. లారీలు తిన్నగా పోవాలంటే ఆ చెట్లు తీసేసి దారి వేయాలి. చెట్లు ఉంచాలంటే కొండ చుట్టి రావాలి, దానికి ఖర్చెక్కువ.

ఘాఫ్ అంటే ఈ దేశంలో గౌరవం. అనుమతి లేకుండా కొమ్మ కొట్టకూడదు. అయితే చెట్లు ఎలాగూ చచ్చిపోతున్నాయని తేలితే తీసేయడానికి అనుమతి సులువుగా దొరుకుతుంది. అందుకని మా ముదీర్, అంటే మేనేజరు, నన్ను పిలిచి ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"ఆ చెట్లు బతికేవా, చచ్చేవా?"

ఆయన ఒమానీ. కాళ్ళదాకా తొడిగే తెల్లటి దిష్‌దాషా ఎప్పుడూ నలగదు, మాట ఎప్పుడూ రెండు వాక్యాలు దాటదు. అలాంటివాళ్ళ ముందు "చూసి చెబుతానండి" అనడం తప్ప గత్యంతరం లేదు.

పాత బొమ్మలన్నీ తెప్పించి చూశాను. చెట్లు వేసవంతా బాగానే ఉంటున్నాయి. మనుషులు మాడిపోయే ఎండలో కూడా ఎర్రగా మెరుస్తున్నాయి. తీరా ఎండ తగ్గి చల్లబడే వేళకి, అక్టోబరులో, ఒక్కసారిగా పాలిపోతున్నాయి. మళ్ళీ వేసవికి మెల్లగా కోలుకుంటున్నాయి గానీ ముందటేడాది అంతగా కాదు. ఏటేటా కాస్త కాస్త తగ్గుతూ వస్తున్నాయి. ఇక్కడిదాకా సరే. నన్ను తినేసిన సంగతి ఏమిటంటే, ఆ పాలిపోవడం ఒక ఏడాది అక్టోబరు మొదట్లో వస్తే ఇంకో ఏడాది చివర్లో వస్తోంది. ఎండకీ గాలికీ ఒక లెక్క ఉంటుంది. ఈ జబ్బుకి ఏ లెక్కా లేదు.

లెక్క లేనిచోట లెక్క పుట్టించడమే మా చదువు. క్వారీ దుమ్ము ఆకుల మీద పేరుకుంటోందన్నాను. నేలకింద నీరు దిగిపోతోందన్నాను. సముద్రం మీంచి వచ్చే గాలి తేమను కూడా కలిపాను. అన్నీ చేర్చి రంగురంగుల గీతలతో ఒక ప్రెజెంటేషన్ చేశాను. ముదీర్ మొత్తం విని, "అయితే దీనికి అక్టోబరు జబ్బు అని పేరు పెడదాం" అన్నారు. మెచ్చుకున్నారో వెక్కిరించారో తెలియలేదు. లారీల దారి చెట్ల మీదుగా గీసి పథకం సిద్ధం చేయమన్నారు. ఎందుకైనా మంచిది, ముందు ఒకసారి నేల మీదికి వెళ్ళి చూసిరమ్మన్నారు. బొమ్మలో చూసింది నేల మీద నిజమో కాదో చూసుకోవడం మా పనిలో రివాజే. ఆగస్టులో ఎవరూ సంతోషంగా చేయరు, అంతే.

కంపెనీ డ్రైవరు హైదరాబాద్ పాతబస్తీ అతను. నా చెప్పులు చూడగానే నవ్వాపుకున్నాడు.

"మేడమ్, ఇవి వేసుకుని పహాడ్ ఎక్కుతారా? సిటీ సెంటర్ మాల్ అనుకున్నారా ఏంది?"

"కార్లో కూర్చునే చూస్తాలే."

"చెట్టు దగ్గరికి కార్ పోదు మేడమ్. చెట్టునే కార్ దగ్గరికి పిలవాలె."

దారి పొడుగునా అతను నా చెప్పుల మీద జోకులేస్తూనే ఉన్నాడు, నేను వినబడనట్టే కూర్చున్నాను. క్వారీ చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. ఎండాకాలం మధ్యాహ్నాలు బయటి పని ఆపాలని ఇక్కడ రూలుంది. మిగిలిపోయిన రాయి తరలించడానికీ మిషన్లు విప్పడానికీ ఉంచిన కూలీలంతా ఆ ఘాఫ్ చెట్ల కిందే పడుకుని ఉన్నారు. చుట్టుపక్కల ఇంకెక్కడా పిడికెడు నీడ లేదు. ఎక్కువమంది జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపువాళ్ళు. ఫోర్‌మన్ కూడా అటువైపు ఆయనే. యాభై దాటిన మనిషి, తలకి తువ్వాలు, మెడలో డ్యూటీ విజిలు. నన్ను చూసి లేచి, ఒక కుర్రాణ్ణి పక్కకు జరిపి, నీడలో మంచి చోటు చూపించారు.

నేను తలెత్తి కొమ్మల్లోకి చూశాను. సన్నటి చిన్న చిన్న ఆకులు, కొమ్మకి ముళ్ళు. మాను మొదట్లో పసుపు రాసి ఉంది. దాని మీద కుంకుమ బొట్లు. పక్కన అగరొత్తుల పుల్లలు, ఒక కొబ్బరి చిప్ప.

జమ్మి చెట్టు.

ఇన్నాళ్ళూ ఆ చెట్టును అరబ్బీ పేరుతో పిలిచాను, శాస్త్రం పేరుతో రాశాను, తెర మీద ఎర్ర చుక్కగా చూశాను. కింద నిలబడి తలెత్తేదాకా అది జమ్మి అని నాకు తట్టలేదు. మాది గుంటూరు వైపు. చిన్నప్పుడు దసరాకు చీటీ రాసి జమ్మి కొమ్మకు తగిలించి ప్రదక్షిణ చేసేదాన్ని. నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. అంతలో కొమ్మల చివర్లు చూశాను. ఎక్కడికక్కడ నున్నగా తెగి ఉన్నాయి. తెగినచోట కొత్త ఇగుళ్ళు గుబురుగా వచ్చాయి.

"అన్నా, ఈ కొమ్మలు ఎవరు కొట్టారు?" అని ఫోర్‌మన్‌ని అడిగాను.

"ఎవ్వలు కొట్టలే మేడమ్. మేకలు తిన్నయి."

"మేకలు కత్తి పెట్టి తింటాయా?"

డ్రైవరు పగలబడి నవ్వాడు. ఫోర్‌మన్ అతని వైపు గుర్రుగా చూసి, నా వైపు తిరిగారు.

"మీకెట్ల తెలిసె?"

"ఉపగ్రహం చెప్పింది."

ఆయన తువ్వాలు తీసి, తల వెనక్కి వంచి, ఆకాశంలోకి చూశారు. ఆయనతోపాటు పడుకున్నవాళ్ళు కూడా చూశారు.

"గంత పైకెంచి గీ కొమ్మ కనబడుతదా?"

"కొమ్మ కనబడదు. పచ్చదనం తగ్గితే తెలుస్తుంది. ప్రతి అక్టోబరూ తగ్గుతోంది."

"అక్టోబరు గాదు మేడమ్," అన్నారాయన మెల్లగా. "దసరాకు."

దసరా! తిథి ప్రకారం ఒక ఏడాది ముందుకీ ఒక ఏడాది వెనక్కీ జరిగే దసరా. నా గాలులూ దుమ్మూ నేలకింద నీరూ అన్నీ ఒక్క క్షణంలో కొట్టుకుపోయాయి. ముదీర్ ముందు పెట్టిన ఆ రంగుల గీతలన్నీ నిజానికి పంచాంగం.

ఇక దాచి లాభం లేదనుకున్నారేమో, ఆయన మొత్తం చెప్పేశారు. మొదట్లో క్యాంపులో ఉన్నవాళ్ళే దసరా సాయంత్రం వచ్చి, మొక్కి, తలా నాలుగు ఆకులు తెంపుకుని, ఒకరి చేతిలో ఒకరు పెట్టి "బంగారం" అని ఆలింగనం చేసుకునేవాళ్ళు. ఇక్కడ జమ్మి ఉందన్న మాట నోటినోటా పాకింది. తోటల్లో పనిచేసేవాళ్ళు, ఖురియాత్ షాపుల వాళ్ళు, మస్కట్ నుంచి పికప్ బండ్ల వాళ్ళు రావడం మొదలైంది. వచ్చినవాడు నాలుగు ఆకులతో ఆగడు. రూమ్‌లో ఉన్నవాళ్ళకి కావాలి, పక్క రూమ్ వాళ్ళకి కావాలి, డ్యూటీ దొరక్క రాలేకపోయినవాళ్ళకి కావాలి. అందుకని కొమ్మే కొట్టుకుపోతాడు.

"మస్కట్ దాక పోతది మేడమ్ మా జమ్మి," అన్నారు. తప్పు ఒప్పుకుంటున్న గొంతులో కూడా గర్వం దాగలేదు.

పోతుందని నాకూ తెలుసు. పోయిన దసరాకి మా ఆఫీసు కింద కిరాణా కొట్టతను నా చేతిలో జమ్మి ఆకులు పెట్టి దండం పెట్టాడు. నేను అవి పట్టుకుని పైకెళ్ళి, కీబోర్డు పక్కన పెట్టుకుని, ఈ చెట్లకు అక్టోబరులో ఏమవుతోందా అని తల గోక్కున్నాను.

"మీ దిక్కు జమ్మి పెట్టుకోరా మేడమ్?" అని ఫోర్‌మన్ అడిగారు, నా ముఖం చూసి.

"మా వైపు పూజ చేస్తాం. ఇలా చెట్టు గుండు గొరిగించం."

అందరూ నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే నేను వచ్చిన పని చెప్పాల్సి వచ్చింది. చెట్లు చచ్చిపోతున్నాయని ఆఫీసు నమ్ముతోందనీ, అందుకే వీటి మీదుగా లారీల దారి వేస్తున్నారనీ చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి. ఫోర్‌మన్ మాను మీద చెయ్యి వేశారు.

"మొక్కినోళ్ళమే చంపుతున్నమా దీన్ని?"

నాకు చాలా బాధేసింది. కారణం పైకి చెబితే చెట్లకు ఆశ ఉంటుంది గానీ, కొమ్మలు కొట్టింది వీళ్ళేనని తెలిస్తే వీళ్ళ మీదికి వస్తుంది. ఆ సంగతి నేను అనకముందే ఒకతను అనేశాడు, బతాకా పట్టుకుపోయి ఇంటికి పంపేస్తారని. బతాకా అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు. అది పోతే అన్నీ పోయినట్టే. ఫోర్‌మన్ అతన్ని చేత్తో ఆపారు.

"చెప్పండి మేడమ్. పేరడిగితే నా పేరు చెప్పండి. చెట్టు మాత్రం పోవద్దు."

మర్నాడు ముదీర్ ముందు నిలబడి, చెట్లకు జబ్బేమీ లేదనీ, ఎవరో పండగకి కొమ్మలు కొడుతున్నారనీ చెప్పాను. నా గీతలన్నీ తప్పని కూడా చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

"మా ఊళ్ళో మేకల కోసం కొడతారు. మీవాళ్ళు దేవుడి కోసం కొడుతున్నారా?"

"అవునండి."

ఆయన పేర్లు అడగలేదు. అడుగుతారని నేను గుండె చిక్కబట్టుకుని నిలబడ్డాను గానీ అడగలేదు. ఆయన ఇచ్చిన తీర్పు ఎప్పటిలాగే రెండు వాక్యాలు. "ఈసారి ఆ పండగ అయ్యాక తీసిన బొమ్మ తెచ్చి నాకు చూపించు. చెట్లు అలాగే ఉంటే లారీలు కొండ చుట్టి వస్తాయి, లేకపోతే ఈ మాట మళ్ళీ ఎత్తకు."

ఫోన్ చేసి ఫోర్‌మన్‌కి చెప్పాను. ఈ దసరాకి కొమ్మ కాదు కదా, రెమ్మ కూడా ఎవరూ ముట్టకూడదు. ఆయన "సరే మేడమ్" అన్నారు. అంత తేలిగ్గా అన్నందుకు నాకు నమ్మకం కలగలేదు.

అందుకే దసరా సాయంత్రం నేనే వెళ్ళాను, ఈసారి బూట్లు వేసుకుని. డ్రైవరు బూట్లు చూసి సలాం కొట్టాడు. క్వారీ మలుపు దగ్గర ఇద్దరు మనుషులు రోడ్డుకి అడ్డంగా నిలబడి, వచ్చిన ప్రతి పికప్‌నీ వెనక్కి పంపిస్తున్నారు. ఒక బండిలోవాళ్ళు తిట్టుకుంటూ పోయారు. చెట్ల దగ్గర క్యాంపువాళ్ళంతా ఉతికిన చొక్కాలు వేసుకుని, బొట్లు పెట్టుకుని వరసగా నిలబడ్డారు. ఫోర్‌మన్ మాను ముందు కర్ర పట్టుకుని, విజిలు నోట్లో పెట్టుకుని కాపలా ఉన్నారు. పాలపిట్ట ఒకటి కరెంటు తీగ మీద కూర్చుని ఉంది. దసరాకి పాలపిట్టను చూడాలని ఊళ్ళో పొలాలన్నీ తిరిగేవాళ్ళమనీ, ఇక్కడ మాత్రం రోజూ నెత్తి మీదే కూర్చుంటుందనీ చెప్పి వాళ్ళలో ఒకరు నవ్వారు.

కొబ్బరికాయ కొట్టారు, హారతి ఇచ్చారు. తర్వాత ఏం చేయాలో ఎవరికీ తెలియక నిలబడ్డారు. రాలిన ఆకులేమైనా దొరుకుతాయేమోనని ఒకతను వంగి వెతికాడు. పక్క ఊరి మేకలు అప్పటికే నేలంతా నాకి శుభ్రం చేసిపెట్టాయి. నాకు జాలేసింది.

"అన్నా, తలా ఒక్క ఆకు తెంపుకోండి. అంతమాత్రం ఉపగ్రహానికి కనబడదు," అన్నాను.

"ఉపగ్రహానికి కనబడదు మేడమ్. మావోళ్ళకు కనబడుతది," అన్నారాయన. "ఒకడు ఆకు తెంపితే ఇంకొకడు రెమ్మ తెంపుతడు. నాకు తెల్వదా మావోళ్ళ సంగతి?"

వరసలోంచి ఎవరో "నిజమే" అన్నారు, మళ్ళీ నవ్వులు. అప్పుడు ఫోర్‌మన్ కర్ర పక్కన పడేసి, ముందు నిలబడ్డ అతని దగ్గరికి వెళ్ళి, తన ఖాళీ చేతిని అతని చేతిలో పెట్టారు.

"బంగారం."

అతను ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టి, లేచి కావలించుకున్నాడు. ఇక వరసంతా కదిలింది. ఖాళీ చేతులు ఖాళీ చేతుల్లో పెట్టుకుంటూ, బంగారం బంగారం అంటూ, ఒకరినొకరు గట్టిగా పట్టుకున్నారు. ఫోర్‌మన్ నా దగ్గరికీ వచ్చారు. రాళ్ళు మోసి మోసి గట్టిపడ్డ అరచెయ్యి నా చేతిలో పెట్టారు. డ్రైవరుకి కూడా పెట్టారు. అతను "ముబారక్ అన్నా" అని కావలించుకున్నాడు.

నేను ఉత్సాహం పట్టలేక అన్నాను: "ఈ ఒక్క ఏడాదికే అన్నా. చెట్లు నిలబడ్డాక వచ్చే దసరాకి మీరు తలా ఒక రెమ్మ తీసుకోవచ్చు."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు.

"వచ్చే దసరాకు మేమీడ ఉండం మేడమ్. నెలాఖరుకు దుక్మ్ పోర్టు పనికి పోతున్నం, అందరం. ఈడ పనైపోయింది గదా. గుంత పూడ్చుడు వేరే కంపెనీకి ఇచ్చిండ్రు."

గని పూడ్చే పథకం గీసింది నేను. క్యాంపు ఉన్నచోట "తొలగింపు" అని చుక్కల గీత గీసింది నేను. ఆ గీత లోపల ఉన్న మనుషులు ఎక్కడికి పోతారన్నది నా బుర్రకు తట్టనే లేదు.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"మొన్న మీరు ఎండల వచ్చి చెట్లు పోతయన్నరు చూడు, గప్పటికే తెలుసు."

"మరి, ఇదే ఆఖరి దసరా అని తెలిసి కూడా..." ఆ మాట పూర్తి చేయలేకపోయాను. కళ్ళలో నీళ్ళు వచ్చేశాయి, దాచుకోలేదు.

"మేము పోతే ఏమైతది మేడమ్," అన్నారు ఆయన, నన్నే ఓదారుస్తున్నట్టుగా. "చెట్టు ఉండాలె గదా."

పండగ తర్వాత తీసిన బొమ్మ వచ్చింది. ఆ గుంపు ఇంతకుముందు ఏ దసరా తర్వాతా లేనంత ఎర్రగా ఉంది. ముదీర్ బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, పెన్ను తీసుకుని, చెట్ల మీదుగా ఉన్న దారిని కొట్టేసి, కొండ చుట్టూ కొత్త గీత గీశారు. నేను బయటికొచ్చి, అక్కడే నిలబడి, ఫోర్‌మన్‌కి ఫోన్ చేశాను. అప్పటికే ఆయన దుక్మ్‌లో కొత్త సైట్‌లో ఉన్నారు. ఫోన్ నిండా గాలి హోరు.

"చెట్లు ఉంటాయన్నా. దారి మార్చారు."

అటువైపు ఆయన ఆ మాటే గట్టిగా అరిచి ఎవరికో చెప్పారు. ఎవరో ఈల వేశారు. తర్వాత ఆయన గొంతు దగ్గరగా వచ్చింది.

"మేడమ్, ఈడ గూడ జమ్మి ఉన్నదేమో మీ ఉపగ్రహంతోటి చూసి చెప్తరా? మేము తిరిగి చూసినం, కనబడలే."

చూస్తానన్నాను. ఆ వారం ఆఫీసు పనులన్నీ పక్కన పెట్టి వాళ్ళ సైట్ చుట్టూ వెతికాను. రోడ్లు, పైపులు, రేకుల క్యాంపులు, వాటికి అవతల నేల, ఇంకా అవతల నేల. ఎంత దూరం జరిపి చూసినా బొమ్మలో ఎరుపన్నదే లేదు. ఆయన మళ్ళీ ఫోన్ చేసినప్పుడు, లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంకా చూస్తున్నానన్నాను.

ఆయనకు అర్థమైపోయిందని ఆ చిన్న నవ్వులోనే తెలిసింది.

"నిమ్మళంగ చూడండి మేడమ్. దసరాకింక శానా టైమున్నది."